తాబేటి శీతనిద్ర

వేసవి యెండలకు మన కుంటలు ఎండి నెఱ్ఱెలు విచ్చినప్పుడు అందలి కప్పలు ఏమగుచున్నవి? తొలకరి వాన కురిసిన రాత్రియే అవి ఎచ్చటినుండి వచ్చి చెవులు చిల్లులు పడునట్లు అఱచుచున్నవి? ఈ ప్రశ్నను మన విద్యార్థులలో పలువురు తమలో తాము వేసికొనియే యుందురు. మన మన్యపు పిల్లలనడిగినచో వారు పుస్తకము తెఱవకయే బదులు చెప్పగలరు. అవి మట్టిలో నిద్రించుచుండెననియు, వాన వచ్చి వానిని లేపెననియు చెప్పుదురు. ఆ జవాబు సరియైనదే. అట్టి నిద్రనుగూర్చియే, అందును ముఖ్యముగా తాబేటి నిద్రనుగూర్చి, ఈ సంచికలో కొంత వ్రాయదలచితిమి. ఇట్లు తలచుటకు కారణమొకటి కలదు.

గత సంవత్సరము నవంబరు నెల చివర ఒకనాటి సాయంకాలము ఎనిమిదవ తరగతి బాలుడొకడు మా కడకు వచ్చి, పుస్తకములు వచ్చిన అట్టపెట్టెలు రెండు, ఒకటి చిన్నదియు ఒకటి పెద్దదియు, ఇప్పింపవలసినదని కోరెను.

"పెట్టెలు దేనికోయి?" అని యడిగితిమి.

"తాబేటిని నిద్రపుచ్చుటకండి, మాస్టరుగారూ. చలికాలము వచ్చినది గదా! చిన్నపెట్టెలో గడ్డివేసి దానినుంచి, ఆ పెట్టెను పెద్దపెట్టెలో పెట్టవలెనట. మార్చి నెల వఱకు మేత యేమియు పెట్టనక్కఱలేదట" అని వాడు మిక్కిలి శ్రద్ధతో చెప్పెను.

విచారింపగా సంగతి తెలిసినది. ఆ బాలుని మేనమామ లారీ నడుపువాడు. ఆయన చిత్తూరు వైపునుండి వచ్చుచు, త్రోవలో ఎవరో అమ్మజూపగా కొని, మేనల్లునకు కానుకగా దానిని తెచ్చి యిచ్చెను. అది పిడికిలికంటె కొంచెము పెద్దది. నల్లని చిప్పమీద బుడిపె బుడిపెకును నడుమనుండి పసుపుపచ్చని చాఱలు నక్షత్రకిరణములవలె నలుదెసలకు వ్యాపించియున్నవి. బాలుడు దానిని ప్రాణముతో సమానముగా చూచుకొనుచున్నాడు. మన గ్రంథాలయమునందు పెంపుడు జంతువులనుగూర్చిన ఆంగ్ల గ్రంథమొకటి కలదు. వాడు నిఘంటువును ప్రక్కన పెట్టుకొని అందలి తాబేటి ప్రకరణమును ఆసాంతము చదివెను. చదివినదానిని తప్పుగా గ్రహింపనులేదు. పుస్తకము చెప్పినదియు నిజమే. అయినను వాడు చేయబోవు పని ఆ తాబేటికి మృత్యువు తెచ్చిపెట్టునట్టిది.

పుస్తకము నిజమై, చదివినవాడు తెలివిగలవాడై, వాని మనస్సు దయగలదై, పని మాత్రము ప్రాణాంతకమగుట యెట్లు? ఈ చిక్కును విప్పుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

ఈ నిద్ర యనగా నేమి?

మన దేహమునందలి వేడి వేసవియందును చలికాలమునందును ఇంచుమించు 37 డిగ్రీలుగా నుండును. మన దేహము పొయ్యివంటిది. పొయ్యి ఆఱకుండుటకు కట్టెలు వేయుచునే యుండవలయును. అట్లే మనము దినమునకు రెండు మూడు మాఱులు తినవలయును. తాబేటి దేహమట్టిది కాదు. అది యెండలోనుంచిన బండవంటిది. ఎండ కాచిన వేడెక్కును, రాత్రియైన చల్లబడును. పాములు, తొండలు, బల్లులు, మొసళ్లు అన్నియు ఈ కోవలోనివే. వేడిని తామే పుట్టించుకొననవసరము లేదు కావున అవి మనకంటె చాల తక్కువ తిని బ్రతుకగలవు. కాని ఇందులో ఇబ్బందియు కలదు. దేహము చల్లబడినప్పుడు గుండె మెల్లగా కొట్టుకొనును, కాళ్లు కదలవు, కడుపులోని ఆహారము జీర్ణము కాదు. ఈ కడపటి మాటను చదువరులు గుఱుతుంచుకొనవలయును. మున్ముందు దీనితో పనియున్నది.

ఐరోపా ఖండమున మధ్యధరా సముద్రతీరపు దేశములగు గ్రీసు, ఇటలీ, స్పెయిను మొదలైనవానియందు నేలతాబేళ్లు కొన్ని జాతులున్నవి. అచ్చట శీతకాలము నెలలకొలది యుండును. ఎండలో బలము లేదు, లేతగడ్డి లేదు. తిందమన్న దొరకదు, దొరికినను అరగదు. అప్పుడా తాబేలు చేయదగిన తెలివిగల పని యొక్కటియే: మేత మాని, కడుపు ఖాళీ చేసికొని, మట్టిని త్రవ్వుకొని లోపల పడుకొనుట. అప్పుడు దాని గుండె నిమిషమునకు కొన్ని మాఱులు మాత్రమే కొట్టుకొనును. శ్వాసయు మిక్కిలి అరుదుగా సాగును. వేసవిలోను ఆకురాలు కాలమునందును కూడబెట్టుకొన్న క్రొవ్వునే కొంచెము కొంచెముగా వాడుకొనుచు, మూత్రాశయమున దాచుకొన్న నీటిని పొదుపుచేసికొనుచు, వసంతము వచ్చువఱకు అది అట్లే యుండును. దీనినే శీతనిద్ర యందురు. మనము రాత్రి నిద్రించు నిద్రకును దీనికిని పేరు తప్ప పోలిక లేదు. ఇది పంటలేని సంవత్సరమున గృహస్థుడు గాదెలోని గింజలను లెక్కపెట్టి వండుకొనుట వంటిది.

సెల్బరన్ గ్రామపు తాబేలు

ఇంగ్లాండు దేశమున సెల్బరన్ అను గ్రామమున గిల్బర్ట్ వైట్ అను క్రైస్తవ గురువుండెను. ఆయన తన యూరిలోని పక్షులను, పురుగులను, చెట్లను యేండ్లతరబడి చూచి వ్రాసిన గ్రంథము 1789వ సంవత్సరమున వెలువడి, నేటికిని ప్రకృతి శాస్త్రాభిమానులచే చదువబడుచున్నది. ఆయన మేనత్త యింట టిమతీ అను తాబేలొకటి యుండెను. ఆమె మరణానంతరము, 1780వ సంవత్సరము మార్చి నెలలో, వైట్ దొర శీతనిద్రయందున్న ఆ తాబేటిని మట్టినుండి త్రవ్వి తీసి, గుఱ్ఱపు బండిలో సుమారు ఎనుబది మైళ్లు తనయూరికి తీసికొనిపోయెను. బండి కుదుపులకు అది మేలుకొనెనట. అది నవంబరులో మట్టిలోనికి దిగుటయు, ఏప్రిలులో వెలికివచ్చుటయు, వానచినుకు పడిన దాగికొనుటయు, నడివేసవిలో సయితము సాయంకాలము నాలుగు గంటలకే పడుకొనుటయు, అన్నిటిని ఆయన తేదీలతో గుర్తించి యుంచెను. టిమతీ యనునది మగపేరు. కాని అది ఆడు తాబేలని దాని మరణానంతరమునగాని యెవరికిని తెలియలేదు. దాని చిప్ప లండను నగరపు ప్రకృతిశాస్త్ర ప్రదర్శనశాలలో నున్నది. ఒక్క తాబేటిని ఓపికతో చూచినవాడు ఎంత నేర్చుకొనగలడో తెలియుటకు ఇది మంచి దృష్టాంతము.

చలిదేశములలో చేయు ఏర్పాట్లు

ఆంగ్లగ్రంథమునందు బాలుడు చదివిన విధానము ఇదియే. చలిదేశములలో మధ్యధరా ప్రాంతపు తాబేటిని పెంచువారు వేసవి చివరనే దీనికై సిద్ధపడుదురు.

మొదట దాని ఆరోగ్యమును పరీక్షింతురు. కన్నులు తేటగా నుండవలెను, ముక్కు కారరాదు, నోటిలో పుండ్లు ఉండరాదు. త్రాసులో తూచి, చిప్ప పొడవు కొలిచి, పొడవునకు తగిన బరువున్నదో లేదో చూతురు. బరువు చాలనిదానిని, జబ్బుగానున్నదానిని ఆ యేడు నిద్రపుచ్చరు. వెచ్చని గదిలో మేత పెట్టుచు చలికాలము గడుపుదురు. ఏలయనగా నిద్ర రోగమును కుదుర్చదు. అరనిండిన గాదెతో కఱవుకాలమునకు దిగుట యెట్టిదో, బలహీనమైన తాబేటిని నిద్రపుచ్చుట అట్టిది.

రెండవది, మేత మాన్పించుట. ఇచ్చటనే మనము గుఱుతుంచుకొన్న మాట అక్కఱకు వచ్చును. చల్లబడిన కడుపులో ఆహారము జీర్ణము కాదు గనుక, తినిపించి నిద్రపుచ్చినచో ఆ మేత లోపలనే కుళ్లి ప్రాణము తీయును. అందుచేత చిన్నదానికి ఒకటి రెండు వారములు, పెద్దదానికి మూడు నాలుగు వారములు ముందుగా మేత ఆపుదురు. కాని నీరు ఆపరు. ప్రతిదినమును గోరువెచ్చని నీటితొట్టిలో గడ్డము మునుగకుండునంత లోతున దానినుంతురు. అందువలన కడుపు శుభ్రమగును. అది నీరు త్రాగి మూత్రాశయమును నింపుకొనును. మేతలేని కడుపు, నీరున్న దేహము: ఈ రెండును కలిసిననే నిద్ర క్షేమకరము.

మూడవది, చల్లదనమును క్రమక్రమముగా అలవాటు చేయుట. వెచ్చని గదిలోనిదానిని ఒక్కసారిగా చలిలో పడవేయరు.

నాలుగవది, పెట్టెలు. లోపలి పెట్టెకు గాలి చొఱబడుటకు రంధ్రములుండును. లోపలి పెట్టెకును వెలుపలి పెట్టెకును నడుమ చింపిన కాగితములు మొదలగునవి దట్టముగా కూర్తురు. ఇవి వెచ్చదనమును పుట్టించుటకు గావు. వెలుపల చలి హెచ్చినను తగ్గినను లోపల ఒక్కతీరుగా నుండుటకు మాత్రమే. పెట్టెనుంచు గదిలో వేడి ఇంచుమించు 5 డిగ్రీలుండవలెను. సున్నకు దిగిన కన్నులు గడ్డకట్టి గ్రుడ్డిదగుటయు, చచ్చుటయు కలదు. పది డిగ్రీలకు మించి చాలకాలమున్నచో నిద్ర తేలికయై, దాచుకొన్న క్రొవ్వు వ్యర్థముగా ఖర్చగును. ఇట్టి సమశీతలము ఇండ్లలో దొరకదు గనుక, నేటికాలమున అనేకులు ఆహారపదార్థములుంచు రిఫ్రిజిరేటరునే ఇందులకు ప్రత్యేకముగా వాడుచున్నారు. గాలి మాఱుటకు తఱచుగా దాని తలుపు తెఱచుచుందురు. ఈ సంగతి వినినప్పుడు మా తరగతిలోని పిల్లలు పకపక నవ్విరి. కాని ఇది సత్యము.

ఐదవది, కావలి. పెట్టెలోనుంచి మఱచిపోవుట శీతనిద్ర కాదు. వారమున కొకమాఱు తీసి తూచుదురు. బరువు నెలకు నూటికొక వంతు తగ్గిన భయము లేదు. మొత్తము నూటికి పదివంతులు తగ్గనీయరు. నిద్రలో మూత్రము విడిచినచో దాచుకొన్న నీరు పోయినదని యెఱిగి వెంటనే మేలుకొలిపెదరు. మేలుకొలుపుటయనగా వెచ్చని గదికి తెచ్చి, గోరువెచ్చని నీటిలో నుంచి, మొదట నీరు త్రాగించి, పిమ్మట మేత పెట్టుట. మేల్కొని కొన్ని దినములలో మేత ముట్టనిదానిని పశువైద్యునికి చూపుదురు.

ఇంత శ్రద్ధతో చేయబడు పనిని గూర్చి, "గడ్డిలో పెట్టి మూతవేయుట" యని మాత్రము గుఱుతుండుట చదువరి తప్పు కాదు. మనకందఱకును పనియొక్క ఆకారము త్వరగా కనబడును. దాని కారణము ఆలస్యముగా కనబడును.

ఇచ్చట ఏల చేయరాదు?

బాలుని తాబేలు మధ్యధరా ప్రాంతమునకు చెందినది కాదు. అది నక్షత్రపు తాబేలు. మన దేశపు వాయవ్యమునను, ఆంధ్ర, తమిళ, కర్ణాటక దేశములలోని మెట్టప్రాంతములందును, సింహళమునను ఇది సహజముగా నివసించును. ముండ్లపొదలు, ఎండుగడ్డి దీని పుట్టినిల్లు. చిప్పమీది చాఱలు మనకు అందముగా తోచును. దానికి అవి ప్రాణరక్షణము. గడ్డిపరకల నడుమ వెలుగునీడలలో ఆ చాఱలవలన దాని ఆకారమే కంటికి చిక్కదు. గడ్డి, ఆకులు, రాలిన పండ్లు, నాగజెముడు మొదలైనవి తినును. వర్షకాలమున చుఱుకుగా తిరుగును, జతకట్టును. ఎండలు ముదిరిన ఉదయ సాయంకాలములందు మాత్రము మేసి, మధ్యాహ్నము పొదలక్రింద కదలక పడియుండును. చలిదినములలోను కొంత మందగించును. శ్రీకాకుళమునకు దగ్గఱనున్న శ్రీకూర్మమునందలి దేవాలయమున ఈ జాతి తాబేళ్లను సాకుచుండుట మన చదువరులలో కొందఱు చూచియే యుందురు.

ముఖ్యమైన మాట యేమనగా, ఈ జాతికి శీతనిద్ర లేదు. నెలలకొలది చలిలో ఉపవాసముండి మరల లేచునట్లు దాని దేహము నిర్మింపబడలేదు. ఈతరానివానిని "చేపలు ఈదుచున్నవి గదా" యని యేటిలోనికి నెట్టినట్లుండును, దీనిని పెట్టెలోనుంచుట.

మన చలికాలమును చూడుడు. మన కొండలలో చింతపల్లి దాపునగల లంబసింగియందు కొన్ని యేండ్లు రాత్రి చలి సున్న డిగ్రీల దగ్గఱకు దిగుచుండును. అడ్డతీగలలో అంతటి చలి లేదు. ఎచ్చట చూచినను మన మన్యమున ఉదయము మంచు విడిచి యెండ కాయగానే చలి పాఱిపోవును. రాత్రి చలి, పగలు వెచ్చదనము: ఇదియే మన చలికాలపు స్వభావము. శీతనిద్రకు కావలసినది ఒక్కతీరు చలి. అది మనకు లేదు. పెట్టెలోని తాబేలు పగటి వెచ్చదనమునకు మేల్కొని, దాచుకొన్న శక్తిని ఖర్చుచేయును; రాత్రి చలికి బిగిసికొనును. మేల్కొన్నప్పుడు మేత లేదు, నీరు లేదు, ఎండ లేదు. అది నిద్రించుట లేదు, ఆకలితో మాడుచున్నది. వెలుపలనుండి చూచువారికి ఈ రెండును ఒక్కతీరుగానే కనబడును. అదియే భయంకరము.

ఇది మేము పుస్తకమునుండి మాత్రము నేర్చినది గాదు. మా బాల్యమున, మైదానమునందలి మా గ్రామమున, మేమును ఒక తాబేటిని సాకితిమి. తాబేళ్లు చలికాలము నిద్రించునని పాఠమునందు విని, డిసెంబరు మొదట దానిని వరిగడ్డితో నింపిన కొయ్యపెట్టెలోనుంచి అటుకమీద పెట్టితిమి. రెండు మూడు మాఱులు పెట్టె లోపల గీకిన చప్పుడు వినవచ్చినది. "నిద్రలో మెదలుచున్నది, తీయకుడు" అని మేమే తమ్ములను వారించితిమి. సంక్రాంతికి ఇల్లు అలికి సున్నము వేయు సమయమున పెట్టె దింపి తెఱచితిమి. తాబేలు గడ్డిని తొలగించుకొని పెట్టె మూలకు చేరియుండెను. చేతిలోనికి తీసికొనగా ఖాళీచిప్పవలె తేలికగా నుండెను. కన్నులు లోతుకు పోయెను. మా తల్లిగారు చిప్పలో నీరు పెట్టిరి, అది తలయెత్తలేదు. మఱునాటికి చనిపోయెను. ఆ గీకిన చప్పుడు ఏమో అప్పుడు తెలిసినది. ఇన్ని సంవత్సరములైనను ఆ చప్పుడు మఱపునకు రాలేదు. దయ గలిగియుండుట చాలదనియు, ఎఱుకలేని దయ ఒక్కొక్కప్పుడు హింసతో సమానమనియు మాకు నేర్పిన గురువు ఆ తాబేలే.

మన చెఱువు తాబేటి నిద్ర

మఱి మన ప్రాంతపు తాబేళ్లు నిద్రింపనే నిద్రింపవా? నిద్రించును, కాని వాని కఱవుకాలము చలి కాదు, ఎండ. మన కుంటలలోను వరిమళ్లలోను కనబడు తాబేటిని తలక్రిందుగా త్రిప్పి చూచినచో, వెనుకకాళ్ల దగ్గఱ రెండు తలుపులవంటి మెత్తని రేకులు కనబడును. కాళ్లను లోపలికి ముడుచుకొనగానే ఆ తలుపులు మూసికొనును. తలవైపును ఇట్లే మూసికొనగలదు. కప్పలు, నత్తలు, చేపలు, నీటిమొక్కలు దీని ఆహారము. వేసవిలో నీరింకిపోవునప్పుడు ఇది బురదలోనికి దిగి, పైమట్టి ఎండి గట్టిపడినను లోపల తలుపులు బిగించుకొని వానకై వేచియుండును. దీనిని గ్రీష్మనిద్ర యనవచ్చును. మన నత్తగుల్లయు ఇట్లే తన నోటిమూత బిగించుకొని బురదలో వేసవి గడుపును. ఆఫ్రికా ఖండమున ఒకజాతి చేప సయితము ఎండిన బురదలో నెలలకొలది బ్రతికియుండును. చలికి ఐరోపా తాబేలు చేయుపనినే, ఎండకు మన తాబేలు చేయుచున్నది. శత్రువు వేఱు, ఉపాయమొక్కటియే.

దీనినిగూర్చి మేము ఒక కొండరెడ్డి వృద్ధుని అడిగితిమి.

"అది మాకు తెలియనిదా, బాబూ! మా చిన్నతనమున కుంట ఎండగానే ఇనుపచువ్వలు తీసికొని పోయెడివారము. నేలలో పొడుచుచు పోగా చిప్ప తగిలిన చప్పుడు వేఱుగా నుండును. రాయి తగిలిన చప్పుడు వంటిది కాదు. త్రవ్వి తీసి వండుకొనెడివారము" అనెను.

"ఇప్పుడో తాతా?" అని యడిగితిమి.

"ఇప్పుడు చువ్వకు రాయియే తగులుచున్నది బాబూ" అనెను.

ఆయన నవ్వుచునే చెప్పెను. కాని మాకు నవ్వు రాలేదు.

పిమ్మట జరిగినది

ఇక బాలుని సంగతి. పైవిషయములన్నియు వానికి చెప్పి, పెట్టెలు ఇయ్యము అంటిమి. వాడు ఆలోచించి, "అట్లయిన ఎండలోనుంచి మేత పెట్టుచునే యుందునండి" అనెను. అప్పుడు అంతకంటె కష్టమైన మాట చెప్పవలసి వచ్చినది.

మన దేశమున 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము కలదు. నక్షత్రపు తాబేటిని గాని మన చెఱువు తాబేటిని గాని పట్టుట, కొనుట, అమ్ముట, ఇంటనుంచుకొనుట దానిచే నిషేధింపబడినవి. నక్షత్రపు తాబేటి అందమే దానికి శత్రువైనది. పెంపుడు జంతువులుగా అమ్ముటకై వేలకొలది తాబేళ్లను పట్టి, సంచులలోను పెట్టెలలోను క్రుక్కి దేశములు దాటించుచుండిరి. అందుచే 2019వ సంవత్సరమున జెనీవా నగరమున జరిగిన అంతర్జాతీయ సభయందు, అడవినుండి పట్టిన నక్షత్రపు తాబేళ్లను వ్యాపారమునకై దేశములు దాటించుటను నిషేధించిరి. త్రోవలో ఒక తాబేటిని కొన్నవాడు దానిని రక్షించితినని తలచును; అమ్మినవాడు మఱునాడు ఇంకొకటి పట్టుటకు పోవును.

"అట్లయిన మన అడవిలో విడిచిపెట్టుదునా?" అని బాలుడు మరల అడిగెను. ఇదియు సరి కాదు. అది మెట్టప్రాంతపు ప్రాణి. మన మన్యపు తడియడవి దానికి పరాయి యిల్లు. మనుష్యుల చేతులలో తిరిగిన తాబేటికి రోగములు అంటియుండవచ్చును. అవి ఇచ్చటి తాబేళ్లకు సంక్రమించును. ఏ సీమనుండి పట్టిరో ఆ సీమకు, పరీక్షింపబడిన పిమ్మట చేర్చుటయే న్యాయము. ఆ పని అటవీశాఖవారిది.

బాలుడు ఆ రాత్రి తండ్రిగారితో మాటలాడెను. మఱునాటి యుదయము తండ్రియు కొడుకును తాబేటిని తీసికొని మాతోకూడ అటవీశాఖ కార్యాలయమునకు వచ్చిరి. తెలియక చేసినదనియు, తెలిసినవెంటనే తెచ్చితిమనియు చెప్పగా, అధికారి మర్యాదతో దానిని స్వీకరించి వ్రాసికొనెను. బాలుడు దానిని బల్లమీదనుంచి, చిప్పమీద వ్రేలు పెట్టి కొంతసేపు నిలిచెను. అది తల వెలికి తీసి, ఒక్కమాఱు చుట్టును చూచి, బల్లమీది కాగితములవైపు నడువసాగెను. వాడు నవ్వబోయి, ముఖము ప్రక్కకు త్రిప్పుకొనెను. దారిలో ఎవరమును మాటలాడలేదు. పాఠశాల గేటుదగ్గఱ వాడే, "అది సంక్రాంతికి బ్రతికియుండును గదండి?" అనెను. "పెట్టెలో పెట్టనందున బ్రతికియుండును" అంటిమి.

చదువరులకు విన్నపము

విద్యార్థులారా, మీ పొలమునను, త్రోవలోను తాబేలు కనబడినచో దానిని ఇంటికి తేకుడు. రోడ్డుమీద నున్నయెడల అది పోవుచున్న దిక్కునకే దాటించి విడువుడు. వెనుకకు త్రిప్పినచో మరల దాటబోయి చక్రములక్రింద పడును. గాయపడిన దానినిగూర్చి అటవీశాఖవారికి తెలుపుడు. తండ్రులారా, వేసవిలో కుంటల పూడిక తీయునప్పుడు పలుగుపోటునకు ముందు కొంచెము చూచుకొనుడు. మట్టిలో తాబేలు బయల్పడినచో తడియున్న నీడపట్టునకు చేర్చుడు. దేశాంతరమున నుద్యోగము చేయుచు, అచ్చటి చట్టమునకు లోబడి తాబేటిని సాకుచున్న మన పూర్వవిద్యార్థు లెవరైననున్నచో, ముందు దాని జాతి యేదో తెలిసికొని, శీతనిద్ర గల జాతియైననే పైవిధానమును అనుసరింతురుగాక, సందేహమున్నచో పశువైద్యునడుగుదురుగాక.

పుస్తకమును చదువునప్పుడు, అది ఏ దేశమునందు, ఏ ప్రాణినిగూర్చి, ఏ చలిని మనస్సునందుంచుకొని వ్రాయబడినదో అడుగుట నేర్చుకొనుడు. మా గ్రంథాలయపు ఆంగ్లగ్రంథమునందు తాబేటి ప్రకరణమునకు మొదట ఆ బాలుడే ఒక చిన్న కాగితము అంటించినాడు. అందు గుండ్రని యక్షరములతో వాడిట్లు వ్రాసెను: "ఇది చలిదేశపు తాబేళ్లకు మాత్రమే. మన తాబేలు వేసవిలో నిద్రించును. లేపవద్దు."